బూడిద గుంతల దాకా

చిలకలగూడ, సికింద్రాబాదు,
ఆదివారం, భోజనాలయ్యాక.

ప్రియమైన మార్తకు,

మన ప్రభువు పేర నీకూ, దేవమ్మ వదినకూ శుభాలు. ఆయన దయవల్ల ఇక్కడ నేనూ, మన రోనాల్డూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ మీ అక్కచెల్లెళ్ళిద్దరూ బాగున్నారని, వదిన తుంటి ఎముక అతుక్కుంటోందని తలుస్తాను. నరసాపురం గాలికి నీ ఆయాసం తగ్గిందని రాశావు, సంతోషం. గాలి మంచిదే గానీ కాలవ నీళ్ళు మాత్రం కాచుకోకుండా తాగకు.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నువ్వు అడిగిన వరసలోనే జవాబులు రాస్తున్నాను, ఏదో దాటేశానని తర్వాత దెప్పకు. గ్యాసు బండ వచ్చింది. పాలవాడు నీళ్ళు కలపడం మానలేదు, మానడు. రోనాల్డుకి ఇంకా అవే వేళలు. నేను లేచేసరికి వాడు పడుకుంటాడు, నేను పడుకోబోయేసరికి బేగంపేట ఆఫీసు బండి వీధిలో హారన్ కొడుతుంది. అమెరికావాళ్ళ కంప్యూటర్లకు జబ్బు చేస్తే మన పిల్లలకు నిద్రలు లేవు. ఒకే ఇంట్లో ఉంటూ ఫ్రిజ్ తలుపు మీద చీటీలు అంటించుకుని మాట్లాడుకుంటున్నాం. జీతం మాత్రం నేను డ్రైవరుగా రిటైరయిన రోజున అందుకున్నదానికి ఎన్నో రెట్లు. ఏమనగలను?

ఆ తర్వాత జీవరాజు సంగతి అడిగావు. వేళకు తింటున్నాడా, ఆదివారాలు పిలిచి అన్నం పెడుతున్నారా, పాపం ఒంటివాడు, చింతకాయ పచ్చడి ఒక సీసాలో వేసి ఇవ్వండి, అని పేరాగ్రాఫు నిండా రాశావు. అదయ్యాక అట్టడుగున, ఉత్తరం మడత పెట్టే చోట, 'మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారా' అని ఒక్క ముక్క. వేసుకుంటున్నాను. వాడూ తింటున్నాడు. బాగా తింటున్నాడు, జాడీలో అడుగు కనబడుతోంది.

భార్య పోయిన మగవాడని వాడంటే నీకు జాలి. ఒకప్పుడు నా ఇంజను మీద బొగ్గు వేసిన ఫైర్‌మన్, నన్ను అన్నా అంటాడు, ఒకే గుడివాళ్ళం, అని నేనూ ఇన్నాళ్ళు ఏమీ అనలేదు. ఇప్పుడు అనబోతున్నాను. ఫోనులో చెప్పేవాణ్ణే. కానీ నువ్వు మాట్లాడేది వీధి చివర ఎస్టీడీ బూతులో, వెనకాల నలుగురు నిలబడి ఉంటారు. పైగా ఫోనులో నా గొంతు లేస్తుంది. కాగితం మీద అయితే లేవదు.

రోనాల్డు ఆఫీసులో కన్నబాబు అని ఒక కుర్రాడున్నాడు. అనకాపల్లి వైపు వాళ్ళు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటాడు, సెలవు దొరికితే చాలు, మోటారు సైకిలేసుకుని పాత లోకో షెడ్లు వెతుక్కుంటూ పోతాడు. అవును, మన బొగ్గు ఇంజన్ల షెడ్లే. అవి ఎక్కడెక్కడ ఉండేవి, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు మూశారు, ఇప్పుడు ఆ స్థలంలో ఏముంది అన్నీ కనుక్కుని పటాలు గీస్తున్నాడు. డోర్నకల్, కాజీపేట, బిట్రగుంట తిరిగి వచ్చాడట. జేబులోంచి సబ్బుపెట్టె అంత యంత్రం తీసి పైకెత్తితే, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు తను నిలబడ్డ చోటు అంకెల్లో చెబుతాయి. ఆ అంకెలు పటానికి ఎక్కిస్తాడు.

'దీనివల్ల నీకు డబ్బులొస్తాయా బాబూ' అని అడిగాను.

'రావండీ అంకుల్, పోతాయి' అన్నాడు. అక్కడే నాకు నచ్చాడు.

అన్ని షెడ్లూ దొరికాయి గానీ, మన స్టేషను అవతల ఉండే మన పాత షెడ్డు మాత్రం వాడికి కొరుకుడు పడలేదు. గోడలు లేవు, కప్పు లేదు, కాగితాలూ లేవు. అక్కడ పనిచేసినవాళ్ళు చెబితే తప్ప ఏది ఎక్కడుండేదో తెలియదు. అప్పుడు రోనాల్డు, 'మా నాన్న అక్కడే ఫైర్‌మన్‌గా చేరాడు' అన్నాడట. నా కొడుకు నా ఉద్యోగం గురించి ఒకళ్ళ దగ్గర చెప్పుకోవడం నాకు తెలిసి ఇదే మొదలు. నువ్వు ఊరెళ్ళిన వారానికే వాడు కన్నబాబుని వెంటబెట్టుకుని వచ్చాడు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం నాకు పండగే. ఆరాధన నుంచి రాగానే నేనే టీ కాచేవాణ్ణి. కన్నబాబు బల్ల మీద పెద్ద కాగితం పరిచేవాడు. బొగ్గు దిబ్బ ఎక్కడ, ఇంజన్ను గుండ్రంగా తిప్పే బల్ల ఎక్కడ, ఫోర్‌మన్ గది ఎక్కడ, నేను చెబుతుంటే వాడు పెన్సిలుతో గీసేవాడు. వచ్చే నెలలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఈ పటాలన్నీ గోడలకు తగిలిస్తారు. ఆఫీసర్లు వస్తారు, పేపరువాళ్ళు వస్తారు. ఒక్కో పటం కింద ఎవరు చెప్పగా గీశారో వాళ్ళ పేరు ఉంటుంది. మన షెడ్డు పటం కింద నా పేరు ఒక్కటే ఉండబోయేది. ఆ సంగతి పోయిన ఉత్తరాల్లో నీకు రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా చెబుతాను, కాస్త ఆగు.

ఆ పటంలోకి నువ్వు కూడా వచ్చావు. నేనే తెచ్చాను. మన కథ చెప్పాను మరి.

మావయ్యగారు అప్పుడు షెడ్డులో బాయిలర్ మేస్త్రీ. గేటు దాటగానే ఎడమ పక్కన ఆయన పాక. మధ్యాహ్నం నువ్వు ఆయనకి క్యారేజీ తెచ్చేదానివి. ఇచ్చి ఇంటికి పోవలసిన పిల్లవి, పోకుండా షెడ్డు ఆ చివరకు, మేము ఇంజను పొయ్యిలోంచి నిప్పూ బూడిదా దులిపే గుంతల దాకా నడిచి వచ్చేదానివి. చేతిలో నీళ్ళ సీసా. ఇంత దూరం ఎందుకొచ్చావమ్మాయ్ అని అడిగితే, 'నీళ్ళకి' అనేదానివి. ఇంజనుకు నీళ్ళు పట్టే ఏనుగు తొండం లాంటి గొట్టం, అదే వాటర్ కాలమ్, దాని అడుగున ఒక చిన్న కొళాయి ఉండేది. తియ్యటి నీళ్ళని షెడ్డంతా దాని దగ్గరే తాగేవాళ్ళం. ఆ కాలమ్ గుంతల పక్కనే. నీళ్ళకని వచ్చినదానివి నన్ను చూశావు, నేను నిన్ను చూశాను, ఆ కొళాయి పుణ్యాన మన పెళ్ళయింది. ఇది నేను చెప్పే కథ. పిల్లాడికి చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను, మన పెళ్ళయి పాతికేళ్ళయినప్పుడు విందులో మైకు పట్టుకుని మరీ చెప్పాను. చెప్పినప్పుడల్లా నువ్వు తల వంచుకుని నవ్వుతావు. అవునని ఎప్పుడూ అనలేదు. కాదనీ అనలేదు.

కన్నబాబుకి కథ తెగ నచ్చింది. పటంలో కాలమ్ గుర్తు పక్కన చిన్న అక్షరాలతో ఈ కథ రాస్తానన్నాడు. నీకు ముందే చెప్పకుండా, హాల్లో నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పటం ముందు నిలబెట్టాలని నా ఆలోచన. అందుకే రాయలేదు. మొదట అందుకే.

ఇంతలో నీ ఆజ్ఞ ప్రకారం ఒక ఆదివారం జీవరాజుని భోజనానికి పిలిచాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

కన్నబాబు కూడా ఉన్నాడు ఆ రోజు. కంచాలు పెట్టడానికి బల్ల మీది కాగితం పక్కకి జరుపుతూ జీవరాజు దాన్ని చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

'అరె, గిదేందన్నా? వాటర్ కాలం గీడ పెట్టిన్రు?'

'ఎక్కడ పెట్టాలంటావు?'

'గేటు కాడ ఉండె గద! బాయిలర్ మేస్త్రి పాక ఎదురుంగ. మార్త గాడనే సీసా నింపుకుంటుండె.'

మార్త! విన్నావా? నేను పెళ్ళాడినప్పటినుంచి నిన్ను 'వదినె' అని తప్ప పిలవనివాడు, ఆ రోజు పప్పు వడ్డించుకుంటూ ఉత్త మార్త అన్నాడు. నోరు జారి అన్నాడు. జారినందుకు ఉలిక్కిపడను కూడా లేదు. అంటే లోపల వాడికి నువ్వు ఎప్పుడూ మార్తవే. పైకి మాత్రం వదినెవి.

కంచం ముందు కూర్చున్న మనిషిని లేపకూడదు కాబట్టి ఊరుకున్నాను. 'నీకు వయసు మీద పడింది జీవరాజూ, మతిమరుపు వచ్చింది' అన్నాను.

'కావొచ్చన్నా. మస్తు సంగతులు మర్శిపోతున్న. గానీ గిది మాత్రం మర్శిపోలే' అన్నాడు పచ్చడి కలుపుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. ఇంజను ఎరిగినవాడెవడైనా కాలమ్‌ని గేటు దగ్గర పెడతాడా? నిప్పు దులపడం, నీళ్ళు పట్టడం ఒక్క ఆగడంలో అయిపోవాలని, ఏ షెడ్డులో అయినా కాలమ్ బూడిద గుంతల పక్కనే ఉంటుంది. డోర్నకల్లో అంతే, కాజీపేటలో అంతే. నా సర్వీసంతా చూసింది అదే. ఈ మాటే గట్టిగా అన్నాను. కన్నబాబు ఇద్దరి ముఖాలూ చూసి, తగవు తీర్చే పెద్దమనిషిలాగా, 'దీనికంత గొడవేటండీ, ఆంటీ వస్తే ఆవిణ్ణే అడిగేద్దాం. రోజూ వచ్చినావిడ కదా' అన్నాడు.

జీవరాజు వెంటనే, 'మంచి మాట జెప్పినవ్ బేటా. వదినె చెప్తే ఫైసలే' అన్నాడు. వాడి ధైర్యం చూడు.

అక్కణ్ణించి షురూ అయింది. చూశావా, వాడి మాటలే నాకూ వస్తున్నాయి. కన్నబాబు మన ఇంటికి రావడం తగ్గించి బన్సీలాల్‌పేటలో జీవరాజు ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? ఒక రోజు రాంగోపాల్‌పేటలో కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళి వస్తుంటే, ఇరానీ హోటల్లో ఇద్దరూ కనబడ్డారు. జీవరాజు ఉస్మానియా బిస్కెట్లు బల్ల మీద పట్టాల్లా పేర్చి, చాయ్ కప్పుని ఇంజనులా నడుపుతున్నాడు. ఆ కుర్రాడు కళ్ళప్పగించి చూస్తున్నాడు. నా దగ్గర కూర్చున్నప్పుడు కూడా వాడు అలాగే చూసేవాడు. నన్ను చూసి 'రండంకుల్' అని పిలిచాడు. పనుందని చెప్పి వచ్చేశాను. ఏ పనీ లేదు.

గుడిలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆరాధన అవగానే మెట్ల మీద నిలబడి, 'పటం మీద నా పేరు సుత ఏస్తున్రు' అని ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మేబెల్ టీచరు వచ్చి నన్ను, 'జీవరాజు గారికి భలే జ్ఞాపకశక్తి అండీ' అని మెచ్చుకుంది. నన్ను ఎందుకు మెచ్చుకోవాలి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నాకు అసూయగా ఉంది మార్తా. ఈ వయసులో ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది గానీ మరో మాట లేదు. మొదట పేరు గురించే అనుకున్నాను. వాడు షెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనరుగా ఉన్నప్పుడు నేను ఫైర్‌మన్ని. నేను డ్రైవరునయ్యాక వాడు నా కింద ఫైర్‌మన్. ఎప్పుడూ నా వెనకే. అలాంటివాడి పేరు నా పేరు పక్కన ఏమిటని మండిపడ్డాను. కానీ పడుకుంటే చెవిలో వినబడేది వాడి పేరు కాదు. నీ పేరు, వాడి గొంతుతో.

ఇక పాతవన్నీ తవ్వుకోవడం మొదలైంది. క్వార్టర్సులో మీ ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క గోడే. చిన్నప్పటినుంచి ఒకే పాటల జట్టులో పాడారు. నువ్వు సన్న గొంతు అందుకుంటే వాడు బొంగురు గొంతు అందుకునేవాడు. మన పెళ్ళి ప్రకటన గుడిలో మూడు ఆదివారాలు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు, వాడు పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎంత భక్తి అనుకున్నాను అప్పుడు. వాడు పెళ్ళి చేసుకోవడానికి అన్నేళ్ళు ఎందుకు ఆగాడని కూడా ఎవరూ అడగలేదు. మంచి సంబంధం కోసం చూస్తున్నాడన్నారు, నమ్మాను. నమ్మడం నాకు తేలిక. ఏది నాకు అనుకూలంగా ఉంటే అది నమ్ముతానని నువ్వే అంటావు.

ఇలా కాదని, 'పోయి చూద్దాం పదండి, ఎవరిది మతిమరుపో తేలిపోతుంది' అని నేనే అన్నాను. కన్నబాబు ఎవరినో పట్టుకుని అనుమతి తెచ్చాడు. నిన్న పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. వాడి బండి వెనక జీవరాజు కూర్చున్నాడు. నేను ఆటోలో వెళ్ళాను.

నువ్వు చూస్తే గుర్తుపట్టవు. షెడ్డు ఉన్న చోట తుప్పుపట్టిన రైలు పెట్టెలు నిలబెట్టిన రెండు పట్టాలు, మిగతాదంతా తుమ్మ. గేటు స్తంభం ఒకటి మిగిలింది. గోడ అవతల ఏదో కొత్త అపార్టుమెంటు లేస్తోంది, కాంక్రీటు కలిపే మిషను గోల. బూడిద గుంతలు మాత్రం నేను కళ్ళు మూసుకుని పోయినా దొరుకుతాయి, దొరికాయి. ఇటుక గోడలు అలాగే ఉన్నాయి, లోపల చెత్త నింపేశారు. జీవరాజూ నేనూ మా మా స్థానాల్లోకి పోయి నిలబడ్డాం. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే పోయాయి. ఇంజను కింద నిప్పు దులిపే చోట నేను, బూడిద పారతో ఎత్తిపోసే చోట వాడు. చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉండేవాళ్ళమని అప్పుడే గమనించాను.

గుంతల చుట్టూ గునపంతో పొడిచి చూశాం. కన్నబాబు చొక్కా తడిసిపోయింది. కాలమ్ దిమ్మె లేదు, గొట్టం లేదు, నీళ్ళు పోయే కాలవ లేదు. నేను ఇంకాస్త అటు, ఇంకాస్త ఇటు అంటూనే ఉన్నాను. చివరకి జీవరాజు గేటు వైపు నడిచి, మావయ్యగారి పాక ఉన్న చోటుకి ఎదురుగా తుమ్మ కొమ్మ వంచి, కాలితో మట్టి తీశాడు. రాతి దిమ్మె. దాని మీద ఇనప వలయం, చుట్టూ బోల్టులు. పక్కనే కొళాయి గొట్టం మొదలు, వేలెడు. కన్నబాబు యంత్రం పైకెత్తి నోటుపుస్తకంలో అంకెలు రాసుకున్నాడు.

నాదే మతిమరుపు. ఆ షెడ్డులో నేను ఉన్నది కొద్ది ఏళ్ళు, మిగతా షెడ్లలో సర్వీసంతా. ఆ షెడ్ల కాలమ్ తెచ్చి ఈ షెడ్డు గుంతల పక్కన పాతేశాను. నీ చేతిలో నీళ్ళ సీసా గుర్తుంది, నీళ్ళు పక్కనే ఉండి ఉంటాయనుకున్నాను.

వాడు గెలిచానని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిట్టేవాణ్ణి. దిమ్మె మీద కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, గుంతల వైపు చూశాడు.

'మస్తు దూరం గదన్నా' అన్నాడు.

'ఏది?'

'గీడికెల్లి గుంతల దాంక.' తువ్వాలు భుజాన వేసుకుని, 'ఎండకాలం సుత వస్తుండె' అన్నాడు.

నేను గేటు స్తంభానికి చేరగిలబడ్డాను. కన్నబాబే, పాపం చిన్నవాడు, అతనికేం తెలుసు, పుస్తకంలోంచి తలెత్తి, 'అదేటి అంకుల్, కొళాయి ఇక్కడే ఉంటే ఆంటీ అంత దూరం నీళ్ళకి వచ్చేవారు కాదు కదా. మరెందుకొచ్చేవారు?' అన్నాడు.

జీవరాజు గుంతల వైపు చూశాడు. నేను జీవరాజు వైపు చూశాను. కాంక్రీటు మిషను గోల వల్ల వినబడలేదన్నట్టు ఇద్దరమూ నటించాం.

ఇప్పుడు దాచింది చెబుతాను. నీ ఉత్తరంలో నన్ను పొగిడావు. 'వదిన ఎముక బాగా అతికేదాకా, ఇంకో నెల అయినా సరే ఉండు, ఇక్కడ నాకేం ఇబ్బంది లేదు' అని నేను రాసిన ముక్క చదివి అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుందని, 'మీ మనసు వెన్న' అని రాశావు. వెన్న కాదు మార్తా. ఆ ముక్క నేను రాసింది జీవరాజు 'వదినె చెప్తే ఫైసలే' అన్న సాయంత్రం. నువ్వు వస్తే కన్నబాబు నిన్ను అడుగుతాడు. నువ్వు గేటు దగ్గర అంటే? అని భయం. ఇన్‌స్టిట్యూట్‌లో పటాలు తగిలించే రోజు దాటిపోయేదాకా నిన్ను నరసాపురంలోనే ఉంచుదామని రాశాను. వదిన తుంటి ఎముక నాకు సాకు. వదినకి ఈ సంగతి చదివి వినిపించకు. లేదా వినిపించు, నీ ఇష్టం.

నిన్ననే కన్నబాబుతో చెప్పేశాను. కాలమ్ గేటు దగ్గర పెట్టమన్నాను. కింద జీవరాజు పేరు కూడా ఉండనివ్వమన్నాను. నా కథ రబ్బరుతో తుడిపేశాడు. గుంతల పక్కన కాగితం తెల్లగా మిగిలిపోయింది. అక్కడ ఏం రాయమంటారు అంకుల్ అన్నాడు. ఏమీ రాయొద్దన్నాను.

ఇవాళ జీవరాజు మళ్ళీ భోజనానికి వచ్చాడు. నేను పిలవలేదు, ఆదివారం కదా అని వచ్చాడు. అన్నం పెట్టాను. పటం మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చేయి కడుక్కుంటూ, 'వదినె ఎప్పుడొస్తదన్నా? ఇల్లు ఖాళీ ఖాళీగ కొడుతున్నది' అన్నాడు. ఇల్లు ఎవరిది, ఖాళీ ఎవరికి? అందామని నోటిదాకా వచ్చింది. చూస్తే వాడి ముఖంలో ఏమీ లేదు, ముసలితనం తప్ప. ఇప్పుడు ముందు గదిలో నా పడక కుర్చీలో పడుకుని గురకపెడుతున్నాడు. ఆ గురక వింటూనే ఇది రాస్తున్నాను.

మన పెళ్ళికి ముందు నీకు సమ్మతమేనా అని మీ నాన్నగారు అడిగారు. గుడిలో పాస్టరుగారు అడిగారు. అందరికీ సమ్మతమనే చెప్పావు. నేనే ఎప్పుడూ అడగలేదు. నీళ్ళకని వచ్చిన పిల్లని నేనే మెప్పించి గెలుచుకున్నాననుకున్నవాడికి అడగవలసిన అవసరం ఏముంది? ఇప్పుడు నీళ్ళు గేటు దగ్గరకి పోయాయి. సీసా నింపుకున్నాక, ఇల్లు ఇటు ఉంటే నువ్వు అటు నడిచావు. ఆ ఎండలో, ఆ బూడిదలో, రోజూ. అక్కడ ఉండేది మేమిద్దరమే. ఎవరి కోసం వచ్చావు మార్తా?

వదినకి నయమయ్యేదాకా ఉంటావో, ముందే బయలుదేరతావో నేను చెప్పను, ఇంతకుముందు చెప్పిన పాపం చాలు. నా కోసమే అయితే ఒక కార్డు ముక్క రాయి, వెంటనే పోస్టులో వెయ్యి.

జీవరాజు కోసమైతే ఏమీ రాయొద్దు. ఊరికే వచ్చెయ్.

ఇట్లు,
నీ ఇంటాయన,
జకర్యా